క్షమాపణ కార్డులు పన్నెండు

ఆగస్టు 11, సోమవారం

కొత్త పని వచ్చింది. యూదుల కొత్త సంవత్సరం సెప్టెంబరు చివర్లోనట. అమెరికాలో ఒక చిన్న కార్డుల కంపెనీకి ఇరవై నాలుగు గ్రీటింగ్ కార్డుల మాటలు కావాలి. ఒక్కొక్కటి నాలుగు వాక్యాలు మించకూడదు. చదివినవాళ్ళకు మన మనిషే పక్కన కూర్చుని చెప్పినట్టుండాలి.

వనపర్తిలో పుట్టి ఇక్కడే పెరిగిన నేను ఒక్క యూదు మనిషిని కూడా చూసిన పాపాన పోలేదు. అయితే ఏంటి? పోయినేడు రిటైరయ్యే ఫైరింజను డ్రైవరుకు రాశాను. ఎవరిదో పిల్లికి పదో పుట్టినరోజుకు రాశాను. ఆ పిల్లి కార్డు అందరికీ తెగ నచ్చిందని మధు చెప్పాడు. మధు నా దగ్గర ట్యూషన్ చదివినవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని ఇలాంటి పనులు ఇప్పిస్తుంటాడు. ఈసారి మాత్రం కంపెనీ ఎడిటరుతో నేనే నేరుగా మాట్లాడుకోవాలన్నాడు. ఆమె పేరు నయోమి.

ఎమ్మే ఇంగ్లీషు చేసి, ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళు గొంతు చించుకున్నదానికి ఇదొక లెక్క కాదు. వారంలో ముగిస్తాను.

రాసినవి చదివి వినిపించడానికే మనిషి లేదు. ఇదివరకు ప్రతి కార్డూ సాబిరా దుకాణంలో చదివేదాన్ని. ఆమె కుట్టుమిషను తొక్కుతూ వినేది. కార్డు బాగుంటే మిషను ఆగేది. సాబిరా నాతో మాట్లాడి నాలుగు నెలలైంది. ఆమె ఇష్టం.

ఆగస్టు 13

తొమ్మిది అయ్యాయి. అన్నీ బాగా వచ్చాయి.

ఆగస్టు 16

తొమ్మిదింట్లో ఆరు వెనక్కి కొట్టింది నయోమి.

నాకు బాగా నచ్చినదాన్నే ముందు కొట్టేసింది. "కొత్త ఏడాది చేదునూ తీపినీ ఒకే గిన్నెలో పోసి ఇస్తుంది, రెండూ తాగుదాం రండి" అని రాశాను. ఎంత బాగుంది! ఆమె జవాబు: "అర్చనా, ఆ రోజు మా ఇళ్ళలో చేదూ పులుపూ బల్ల మీదికి రానివ్వం. ఏడాదంతా తియ్యగా గడవాలని ఆపిల్ ముక్క తేనెలో ముంచుకుని తింటాం. చేదు తినే పండుగ మాకు వేరే ఉంది, వసంతంలో." ఇంకో కార్డులో టపాకాయలు కాల్పించానట. టపాకాయలు లేవు, పొట్టేలు కొమ్ము ఊదుతారు.

వేపపువ్వు లేని కొత్త సంవత్సరం ఏం సంవత్సరమో. సరే, ఎవరి పండుగ వాళ్ళది. రాత్రి వంట కాకముందే ఆరూ తిరగరాసి పంపాను.

ఆగస్టు 19

కూరగాయలకు పోతూ సాబిరా దుకాణం ముందునుంచే నడిచాను. కావాలనే. వెనక సందు ఉంది గానీ, తప్పు చేసినవాళ్ళు కదా దారి మార్చుకునేది. నన్ను చూసి తల వంచి సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. దారం అప్పటికే ఉంది సూదిలో. నాకు కనబడదా.

ఎన్నిసార్లు తలుచుకున్నా ఇందులో నా తప్పేమిటో నాకు అర్థం కాదు. సాబిరా చెల్లెలు కౌసర్ నా చేతికింద చదివిన పిల్ల. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఏప్రిల్లో ఆమెకు గద్వాల సంబంధం వచ్చింది. పిల్లను చూసి వెళ్ళాక, పెళ్ళికొడుకు మేనత్తా ఆమె భర్తా మా ఇంటికొచ్చారు. సంబంధం అన్నాక నలుగురినీ విచారించుకోవడం మామూలే. సాబిరా వాళ్ళకు నాకంటే దగ్గర ఎవరని నా దగ్గరికే వచ్చారు. పిల్ల ఆరోగ్యం ఎలా ఉంటుందని అడిగారు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, తొమ్మిదో తరగతి తర్వాత మళ్ళీ రాలేదు, మందులు మానేసి కూడా ఏళ్ళయింది అని చెప్పాను. అడిగినదానికి జవాబిచ్చాను. పెద్దమనుషుల ముందు అబద్ధమాడాలా?

పది రోజులకు వాళ్ళు వద్దన్నారు. ఆ రాత్రే సాబిరా ఫోన్ చేసింది. "నీ నోట్ల నువ్వుగింజ నానదని తెలిసి కూడ నిన్ను ఇంట్లకు రానిచ్చిన. తప్పు నాదే" అని పెట్టేసింది. ఇరవై ఏళ్ళ స్నేహం ఒక్క వాక్యంలో పోయింది. నేనైతే ఇంకొంచెం బాగా రాసేదాన్ని.

ఆగస్టు 24

ఆదివారం. మా ఆయన శ్రీనాథ్ బీచుపల్లి ఆంజనేయుని దర్శనానికి వెళ్ళి వచ్చి, ప్రసాదం కొబ్బరిముక్క నా చేతిలో పెట్టి అన్నాడు.

"ఇంకెన్ని దినాలు గిట్ల? పోయి మాట్లాడరాదు?"

"నేనెందుకు పోవాలె?"

"నువ్వు పోకుంటే ఆమె రాదు గనక."

ఈయన కోడేరు మండలాఫీసులో రోజంతా ఊళ్ళోవాళ్ళ పంచాయతీలు విని, మిగిలింది ఇంట్లో తీరుస్తాడు. నాకు ఆలోచన లేదనుకున్నాడేమో. ఉంది. దసరా వస్తోంది కదా. సాయంత్రం జమ్మి ఆకు తీసుకుని పోయి, బంగారం అంటూ సాబిరా చేతిలో పెట్టి అలయ్ బలయ్ చేసుకుంటాను. ప్రతి ఏడూ చేసేదే. పండుగపూట గుమ్మంలోకొచ్చిన మనిషిని ఎవరూ కాదనరు. పగవాళ్ళు కూడా ఆ రోజు కౌగిలించుకుంటారు. ఏమైందీ, ఎవరిది తప్పూ అనే మాటే రాదు. అంతటితో అయిపోతుంది.

ఎంత తెలివైన ఆచారమో. మన పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు.

ఆగస్టు 30

ఈ పూట నయోమి నన్ను పొగిడింది. ఆమె మామూలుగా పొగడదు, "సరే" అని రాస్తే పండుగ చేసుకోవాలి.

వాళ్ళ కొత్త సంవత్సరం రెండో రాత్రి, ఆ కాలంలో ఇంకా నోట పెట్టని కొత్త పండు తెచ్చి తింటారట. చాలామంది దానిమ్మ తెస్తారు. దాని మీద కార్డు రాయమంటే నాకు మా సీతాఫలం గుర్తొచ్చింది. బిజినేపల్లి వైపు గుట్టల నుంచి గంపల్లో తెచ్చినప్పుడు, మొదటి పండును ఒక్కరే తినబుద్ధి కాదు. "ఈ ఏటి మొదటి పండు విప్పి, గింజలు ఊసే చోటు నీకు కూడా చూపించాలని ఉంది" అని రాశాను. అది చదివి నవ్వుకున్నానని, తన అక్కకు ఫోన్ చేసి వినిపించానని రాసింది నయోమి.

ఇరవై నాలుగూ ఒప్పుకుంది. నేను ముందే అనుకున్నాను.

సెప్టెంబరు 3

ఇంకో పన్నెండు కార్డులు అడిగింది. ఇవి వేరే రకం. కొత్త సంవత్సరం మొదలైన పదో రోజు వాళ్ళకు పెద్ద ఉపవాసం. ఈలోపు ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళ దగ్గరికి పోయి క్షమించమని అడుగుతారు. దేవుడికి చేసిన తప్పు దేవుడు చూసుకుంటాడు, మనిషికి చేసినది ఆ మనిషే క్షమించాలి, దేవుడు మధ్యలోకి రాడు అని వివరంగా రాసింది నయోమి. పక్కనే ఉన్నవాళ్ళయితే ఎదురుగా పోతారు, దూరాన ఉన్నవాళ్ళకు కార్డు పంపుతారు. "ఈ కార్డులో శుభాకాంక్షలు వద్దు. నవ్వులాట వద్దు. ఆప్యాయత మాత్రం ఉండాలి."

నయోమి ఇదంతా నాకు కొత్త అనుకుంటోంది. సాబిరా వాళ్ళమ్మ అచ్చంగా ఇదే మాట చెప్పేది, హజ్‌కు పోయేముందు ఇంటింటికీ తిరిగి మాఫీ అడిగిన మనిషి. మా ఇంటికొచ్చి మా అత్తగారి చేతులు పట్టుకుని, "మీ పెరట్ల కరివేపాకు అడగకుండ తెంపుకున్న, మాఫ్ చెయ్యండ్రి" అంది. అత్తగారు బిత్తరపోయింది. సాబిరా కూడా అంతే. రంజానుకు ముందు వచ్చే ప్రతి షబే బరాత్‌కు నాకు ఫోన్ చేసి "కహా సునా మాఫ్ చెయ్యి అర్చనా" అనేది, అన్నదీ విన్నదీ మన్నించమని. "నువ్వేం చేసినవని?" అని నవ్వేదాన్ని.

నేను ఎప్పుడూ తిరిగి అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

సెప్టెంబరు 6

పన్నెండూ ఒక్క ఊపులో రాశాను. పొద్దున కూర్చున్నదాన్ని, పొయ్యి మీద పప్పు మాడినా లేవలేదు. ఇలాంటివి రాయడానికి హృదయం ఉండాలి. అన్నింటికంటే బాగా వచ్చినది ఇది, తెలుగులో రాసుకుంటే ఇలా ఉంటుంది:

"గడిచిన ఏడాదిలో తెలిసో తెలియకో నా మాట వల్ల, నా మౌనం వల్ల నీ మనసు నొచ్చుకుని ఉంటే, ఈ పవిత్ర దినాన నన్ను మన్నించు. నీ స్నేహం నా ఇంటి దీపం."

చదివి నేనే ఏడ్చాను. శ్రీనాథ్‌కు వినిపిస్తే, "బాగుంది, పప్పు మాత్రం నేను తినలేను" అన్నాడు.

సెప్టెంబరు 9

పన్నెండూ వెనక్కొచ్చాయి. అన్నీ!

నయోమి ఉత్తరం మొత్తం ఇదీ: "అర్చనా, చాలా అందంగా ఉన్నాయి. కానీ వీటిలో ఎవరూ ఏమీ చేయలేదు. ఇది అందుకున్న మనిషి, పంపినవాళ్ళకు తాము చేసింది తెలుసో లేదో ఎలా తెలుసుకుంటుంది?"

సెప్టెంబరు 10

నా ఇంగ్లీషు ఆమెకు ఎక్కలేదు.

సెప్టెంబరు 12

పొద్దంతా ఏమీ రాయలేదు. గద్వాల వాళ్ళు వచ్చిన రోజు ఊరికే గుర్తొస్తోంది.

ఆరోగ్యం సంగతి అడిగారా? అడిగినట్టే గుర్తు. "పిల్ల ఎట్లుంటది?" అని అడిగింది మేనత్త. ఎట్లుంటది అంటే అందులో ఆరోగ్యం కూడా వచ్చినట్టే కదా. పెళ్ళిచూపుల విచారణలో ఎవరైనా ఎట్లుంటది అని అడిగారంటే అన్నీ కలిపే అడిగినట్టు.

సెప్టెంబరు 14

నయోమి పద్ధతి మార్చింది. కార్డు మీద మా మాటలు తగ్గిస్తుందట. పైన రెండు వాక్యాలు, తర్వాత "నేను చేసింది ఇది" అని ఒక ముక్క, దాని కింద ఖాళీ గీతలు. పంపేవాళ్ళే తమ చేత్తో తాము చేసిన పని రాసుకోవాలి. కొనేవాళ్ళకు దారి తెలియడానికి నమూనాలు నాలుగు కావాలంది.

ఖాళీ గీతలకు రచయిత్రి ఎందుకో. పోనీలే. నాలుగు రాసి పంపాను: నీ పూలకుండీ పగలగొట్టి పిల్లి మీద పెట్టాను. నీ అమ్మ పోయినప్పుడు రాలేదు. నీ పుస్తకం తిరిగి ఇవ్వలేదు. నీ వంటను చుట్టాల ముందు ఎగతాళి చేశాను.

గంటలో జవాబు. "ఇవి ఊహించి రాసినట్టున్నాయి. నిజంగా జరిగినది ఒక్కటి ఇవ్వగలవా?"

ఎందుకివ్వలేను.

సెప్టెంబరు 15

రాస్తాను. ఇక్కడ చూసేవాళ్ళెవరు.

ఆరోగ్యం సంగతి వాళ్ళు అడగలేదు.

"పిల్ల గుణం ఎట్లాంటిది?" అని అడిగింది మేనత్త. బంగారం అన్నాను. "సాలు తల్లీ, టీచరమ్మవు నువ్వు చెప్తే ఇంకేమున్నది" అని చాయ్ గ్లాసు కింద పెట్టి చీర సర్దుకుంది. లేవబోతున్నారు. ఇంకో నిమిషంలో వెళ్ళిపోయేవాళ్ళు, కౌసర్‌కు జూన్‌లో పెళ్ళయ్యేది.

నేనే ఆపాను. స్కూలు మానేశాక మధ్యాహ్నాలు నా మాట వినే మనిషి లేదు. ఆ ఇద్దరూ ఎంత మర్యాదగా వింటున్నారు! ఆ ఇంటికి నేను ఎంత కావలసినదాన్నో వాళ్ళకు తెలియాలనిపించింది. "మీకు తెల్వదు గాని, ఆ పిల్లను చావు నోట్లకెల్లి తీసింది నేనే" అన్నాను. ఎనిమిదో తరగతిలో ట్యూషన్‌లో ఉండగా ఫిట్స్ వచ్చాయనీ, తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టింది నేననీ, ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నేననీ చెప్పాను. తర్వాత దవాఖానలో డాక్టరు తాళంచెవులు ఎందుకమ్మా అని కసిరాడు, ఆ మాట చెప్పలేదు. "సొంత అక్క సాబిరా భయపడి బయటికి ఉరికింది, నేనే నిలబడ్డ" అన్నాను. సాబిరా ఉరికింది ఆటో కోసం. అది నాకు తెలుసు.

మేనత్త మళ్ళీ కూర్చుంది. "ఎన్నిసార్లు వచ్చినయమ్మా?" అని మెల్లగా అడిగింది. వినేవాళ్ళు దొరికారు కదా, అన్నీ చెప్పాను.

రాసి చూస్తే అరపేజీ. ఇంత చిన్నదా?

సెప్టెంబరు 16

దాన్నే ఇంగ్లీషులోకి తిప్పి నయోమికి పంపాను. కావలసింది నిజమే కదా, ఇదిగో తీసుకో. ఎక్కడా దాచలేదు, ఒక్క సాకు చెప్పలేదు. నేను రాసినవాటిలో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. గుండెలో బరువు దిగిపోయింది. మధ్యాహ్నం పడుకుంటే హాయిగా నిద్రపట్టింది.

సెప్టెంబరు 17

నయోమి రాసింది. "ఇది వాడను. ఇందులో ఆ అమ్మాయి పేరుంది, జబ్బుంది, ఊరుంది. నాకు చెప్పే ముందు కౌసర్‌ను అడిగావా?"

సెప్టెంబరు 18

అడగలేదు.

సెప్టెంబరు 21

ఎంగిలిపూల బతుకమ్మ. కాలనీ ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేనూ తిరిగాను. పాట అందుకునేది ప్రతి ఏడూ నేనే. ఈసారి రేణుకమ్మను అందుకోమన్నాను. గొంతు బాగాలేదని చెప్పాను. గొంతుకేం, బాగానే ఉంది.

నయోమిని మళ్ళీ ఏమీ అడగలేదు. ఆమె కార్డులు ఆమే ముగించుకుంది. ఖాళీ గీతల నమూనాలు లేకుండానే అచ్చుకు పంపిందట. రేపు సాయంత్రం వాళ్ళకు కొత్త సంవత్సరం మొదలు. నా కార్డుతోనే శుభాకాంక్షలు చెప్పాను, సీతాఫలం కార్డుతో. "నీకు కూడా తియ్యని ఏడాది కావాలి అర్చనా" అని రాసింది. కౌసర్ ఊసు ఎత్తలేదు. మర్యాదగల మనిషి. ఎత్తినా బాగుండేది.

సెప్టెంబరు 26

బస్టాండు దగ్గర నాగర్‌కర్నూల్ బస్సు దిగుతున్న కౌసర్ ఎదురైంది. తెల్ల కోటు మడిచి సంచిలో పెట్టుకుంది. బాగా చిక్కింది. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను, తెలియకుండానే.

"అక్కా, జర పక్కకు జరుగుతారా" అంది.

జరుగుతారా! ఏడేళ్ళ వయసు నుంచీ నన్ను నువ్వు అన్న పిల్ల. తిట్టినా ఇంత మండేది కాదు. పక్కకు జరిగాను. వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 28

డైరీ మొదటి నుంచి చదివాను. సాబిరా మాట్లాడటం లేదు, సాబిరా చూడలేదు, సాబిరా దారం ఎక్కించింది, ఇదే. సంబంధం పోయాక కౌసర్ ఏమైంది, ఏం తింటోంది, దవాఖానలో తోటివాళ్ళు ఏమంటున్నారు అని ఒక్క ముక్క లేదు. నేను పోగొట్టుకున్నదాని లెక్కే చూసుకున్నాను. ఆ పిల్ల పోగొట్టుకున్నది నా కంటికి ఆనలేదు. సిగ్గుగా ఉంది, రాసుకోవడానికి కూడా.

నా జమ్మి ఆకు ఉపాయం కూడా అలాంటిదే. ఆకు పెట్టి కౌగిలించుకుంటే సాబిరా కాదనలేదు, పండుగ కదా. కౌసర్ కూడా కాదనలేదు, పెద్దదాన్ని కదా. వాళ్ళ నోరు మూయించడానికి పోతున్నట్టే. పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం మంచిదే. నేను వాడుకోబోయిన తీరు మంచిది కాదు.

పండుగకు ముందే పోతాను. ఆకు లేకుండా పోతాను.

సెప్టెంబరు 29

పోలేదు. ఇంట్లో పని.

సెప్టెంబరు 30

సద్దుల బతుకమ్మ. పోలేదు. ఐదు రకాల సద్దులు చేశాను, ఒక్కటీ తినబుద్ధి కాలేదు.

అక్టోబరు 1, బుధవారం

పోయాను.

సాయంత్రం ఐదింటికి, కౌసర్ బస్సు దిగి ఇంటికి చేరి ఉంటుందని చూసుకుని పోయాను. ముందు గది దుకాణం, వెనక ఇల్లు. సాబిరా మిషను దగ్గర పండుగ జాకెట్లు కుడుతోంది. నన్ను చూసి కాలు ఆపలేదు.

"సాబిరా, నేను..."

"నాతోని చెప్పకు. లోపల ఉన్నది, దానితోని చెప్పు."

నేను చెప్పబోయే మాట ఏమిటో ఆమెకు ఎలా తెలుసో తెలియదు. ఇరవై ఏళ్ళు నా మాటలు విన్న మనిషి, తెలియకేం.

కౌసర్ వెనక గదిలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. లేవలేదు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. రాసుకుని పోలేదు, అందంగా రాలేదు. ఒకచోట నాలుక తడబడింది కూడా.

"గద్వాలోళ్లు నీ ఆరోగ్యం సంగతి అడగలేదు కౌసర్. లేచి పోతుంటే నేనే ఆపి చెప్పిన. మీ ఇంటికి నేనెంత దగ్గరో గొప్ప చూపిచ్చుకుందామని చెప్పిన. మీ అక్క భయపడి ఉరికిందని కూడ చెప్పిన, అది అబద్ధం. నా వల్లనే నీ పెండ్లి ఆగింది. నన్ను మాఫ్ చెయ్యి."

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది.

కౌసర్ చిక్కుడుకాయ తుంచుతూనే అంది. "ఆయన పోయిండని కాదక్కా నేను ఏడ్చింది. రెండుసార్లు ఫోన్‌ల మాట్లాడిన, అంతే. ఫిట్స్ వచ్చినప్పుడు నేను తెలివిల లేను. ఎట్ల పడ్డనో, ఎట్ల కొట్టుకున్ననో నాకు తెల్వదు. అమ్మీని అడిగితే ఏడుస్తుండె, సాబిరా ఆపాను అడిగితే మాట మారుస్తుండె. నేను దవాఖానల ఫిట్స్ వచ్చిన పిల్లలను పట్టుకుంట. పట్టుకున్నప్పుడల్ల నేను గిట్లనే ఉంటినా అనుకుంట. నేను చూడని నన్ను గద్వాలోళ్లు చూసిరి. నువ్వు చూపిచ్చినవ్."

ఇది నేను ఏ కార్డులోనూ ఊహించలేదు.

"ఇంకెవరికి చెప్పినవ్?" అంది.

"ఎవరికీ..." అన్నాను. అని ఆగాను. చెప్పాను. "మా కాలనీల రేణుకమ్మకు. స్కూల్ల ఇద్దరు టీచర్లకు. మా ఆయనకు. ఇంక, పోయిన నెల అమెరికాల ఒకామెకు."

"అమెరికా దాక పోయిందా?" సాబిరా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"కార్డుల ఆమె. నా తప్పు రాస్తూ రాస్తూ కౌసర్ పేరు కూడ రాసిన."

"ఆమె ఏమన్నది?" కౌసర్ అడిగింది.

"నిన్ను అడిగి చెప్తున్ననా అన్నది."

కౌసర్ మొదటిసారి తల ఎత్తి నన్ను చూసింది. "ముఖం తెల్వని ఆమెకు తట్టింది. నీకు తట్టలేదా అక్కా? చిన్నప్పటిసంది నీ ఒళ్ళె పెరిగితి కద."

అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తట్టలేదని చెప్పాను. వేరే జవాబు లేదు, అదే నిజం.

సాబిరా గుమ్మానికి ఆనుకుని పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది. నన్ను ఓదార్చలేదు, పొమ్మనలేదు. కౌసర్ చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. చాప మీద చోటు చూపించింది.

"కూసో. నాకు చెప్పు."

"ఏం చెప్పాలె?"

"ఆ దినం. నేనెట్ల పడ్డనో, ఏం చేస్తినో, లేచినంక ఏమంటినో, అంత చెప్పు. రేణుకమ్మకు చెప్పినవ్, గద్వాలోళ్లకు చెప్పినవ్. నాకు ఎన్నడన్న చెప్పినవా?"

"ఒద్దే కౌసర్" అంది సాబిరా.

"ఉండు ఆపా. నాకు కావాలె. చెప్పక్కా. ఉన్నదే చెప్పు, నీ గొప్ప కలపకు."

కూర్చున్నాను. చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్కటీ దాచకుండా, ఒక్కటీ కలపకుండా. ఆ పిల్ల మధ్యలో మూడుసార్లు ఆపి అడిగింది. నర్సు కదా, ఏం అడగాలో తెలుసు. ఒకచోట సాబిరా "గది నేను చూడలే, ఆటో కోసం పోయిన" అని కూర్చుండిపోయింది. ఒకచోట కౌసర్ నవ్వింది. ఒకచోట నా మోచేయి పట్టుకుని, ఎంతసేపటికీ వదల్లేదు.

అయ్యాక చాలాసేపు ముగ్గురం చిక్కుడుకాయలే తుంచాం.

"మాఫ్ చేసినవా?" అని అడిగాను చివరికి. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఇంకా చెయ్యలే" అంది కౌసర్. "చాయ్ తాగి పో. మల్ల రా. ఇంక అది ఎవ్వరికీ చెప్పకు. అది నాది."

అక్టోబరు 2, దసరా

నయోమి వాళ్ళది ఈ రోజు ఉపవాసం. మాకు పండుగ. శ్రీనాథ్ కోడేరు నుంచి జమ్మి కొమ్మ తెచ్చాడు. నిన్నటి నుంచీ ఆగి ఆగి, భోజనాల దగ్గర అడిగాడు.

"గంటన్నర కూసున్నవంట. ఏం చెప్పినవ్ కౌసర్‌కు?"

"ఏం లేదు" అన్నాను.

గరిటె పట్టుకుని నా ముఖం వంక చూశాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నా నోట ఆ మాట ఆయన వినలేదు. "అంటే చెప్పవా?" అన్నాడు.

"చెప్ప."

ఆ రోజు ఏం జరిగిందో, లేచాక ఆ పిల్ల మొదట ఏమందో, నిన్న ఎక్కడ నవ్విందో అన్నీ నాకు తెలుసు. బాగా రాయగలను కూడా.

ఇక్కడ కూడా రాయను.